అరికాలి బొట్టు కింద అంకె

తెలంగాణ రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడాది జూలైలో, నల్గొండలోని ఒక దవాఖానలో నెలలోపు పసిపిల్లల వార్డుకు నన్ను స్టాఫ్ నర్సుగా వేశారు. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. ఆరేళ్ళు చేసి మానేశాను. కారణం పెద్దదేమీ కాదు. బిడ్డను ముట్టుకునే ముందూ తర్వాతా చేతులకు రాసుకునే మందు నా చర్మానికి పడలేదు. వేళ్ళ సందులు పగిలి నెత్తురు కారేవి. పగిలిన చేతులతో పసిపిల్లల దగ్గరికి పోకూడదన్నది వార్డు నియమం. ఇప్పుడు షాద్‌నగర్ దగ్గర ఒక ఫ్యాక్టరీ దవాఖానలో కాగితాలు చూసుకుంటున్నాను. ఇరవై ఎనిమిదేళ్ళకే రిటైరయిన మనిషి అని మా ఇంట్లో నన్ను చూసి నవ్వుతారు.

నలుగురిలో మాట్లాడటం నాకు చేతకాదు. డ్యూటీ దిగాక తోటి సిస్టర్లు క్యాంటీన్ దగ్గర నిలబడి కబుర్లు చెప్పుకుంటుంటే నేను పక్కనుంచి జారుకునేదాన్ని. సంచిలో ఎప్పుడూ ఒక నవల ఉండేది, పేరు కనబడకుండా పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేసుకునేదాన్ని. గదికి పోయాక డైరీ రాసేదాన్ని. ఇప్పుడు చెప్పబోయేది ఆ మొదటి ఏడాది డైరీలో పదకొండు పేజీలు ఉంది. మళ్ళీ చదివితే జరిగినదంతా నీళ్ళ అడుగున ఉన్నట్టు కనిపిస్తుంది. ఆకారాలన్నీ స్పష్టంగానే ఉంటాయి, చప్పుళ్ళు మాత్రం దూరం నుంచి వస్తాయి.

నిజానికి ఆ వార్డే అలా ఉండేది. రెండు తలుపులు దాటి లోపలికి అడుగుపెడితే బయటి లోకం ఆగిపోయేది. వెచ్చని దీపాల కింద పిల్లలు కళ్ళు మూసుకుని, మనకు కనబడని దేన్నో పట్టుకోబోతున్నట్టు వేళ్ళు చాపేవాళ్ళు. కామెర్ల పిల్లలు నీలి వెలుగులో తేలుతున్నట్టు పడుకునేవాళ్ళు. ఎవరూ గట్టిగా మాట్లాడేవాళ్ళు కాదు. నాలాంటిదానికి అంతకంటే మంచి ఉద్యోగం దొరకదని అనుకున్నాను.

నాకు అప్పగించిన పనుల్లో ఒకటి పక్కనున్న కాన్పుల వార్డుకు పోయి ఆక్సిజన్ కొలవడం. పుట్టి ఒక రోజు దాటిన ప్రతి బిడ్డకూ కుడి చేతికి ఒకసారి, ఏదో ఒక కాలికి ఒకసారి చిన్న పట్టీ చుట్టాలి. పట్టీకి ఒక వైపు ఎర్ర దీపం, రెండో వైపు ఆ వెలుగును చూసే కన్ను ఉంటాయి. చర్మం గుండా దాటి వచ్చిన వెలుగును బట్టి, నెత్తురులో ఆక్సిజన్ ఎంత ఉందో యంత్రం అంకెలో చూపిస్తుంది. అంకె తొంభై ఐదుకు తగ్గకూడదు, చేతికీ కాలికీ తేడా మూడు మించకూడదు. అలా వస్తే గంట ఆగి మళ్ళీ కొలవాలి, మళ్ళీ అలాగే ఉంటే డాక్టరును పిలవాలి, తొంభైకి తగ్గితే వెంటనే పిలవాలి. పైకి బంగారంలా కనిపించే బిడ్డ గుండెలో దాగిన లోపం ఒక్కోసారి ఈ చిన్న పట్టీకే ముందుగా తెలుస్తుంది.

మా వైపు ఈ పనికి ఒక అడ్డంకి ఉంది. బిడ్డ పుట్టగానే అవ్వలు ఆముదం దీపం మీద పట్టిన మసితో కాటుక చేసి నుదుట, చెంపకు, అరికాలికి దిష్టి బొట్టు పెడతారు. అరికాలి బొట్టు చిన్నదిగా ఉండదు, రూపాయి బిళ్ళంత ఉంటుంది. నేను చేరిన రెండో వారంలో ఒక ఆడపిల్ల కాలికి ఎనభై తొమ్మిది వచ్చింది. పరుగున పోయి పిల్లల డాక్టరు సారుకు చెప్పాను. ఆయన అన్నం డబ్బా మూత కూడా పెట్టకుండా వచ్చారు. బిడ్డ పాదం తిప్పి చూసి, దూదితో తుడిచి మళ్ళీ పట్టీ చుట్టారు. తొంభై ఎనిమిది. "సిస్టర్, ఇది గుండె జబ్బు కాదు, కాటుక జబ్బు" అని వెళ్ళిపోయారు. వార్డంతా నవ్వింది. అప్పటి నుంచి అంబులెన్సు డ్రైవరు యాదగిరన్న నేను కనబడినప్పుడల్లా, "కాటుక సిస్టరమ్మా, బండి తియ్యాల్నా?" అని అడిగేవాడు. అందులో చెడ్డతనమేమీ లేదు. కాని సిగ్గరికి అలాంటి పేరు ముల్లులా గుచ్చుకుంటుంది. మళ్ళీ అలా నవ్వులపాలు కాకూడదని గట్టిగా అనుకున్నాను.

డిసెంబరులో ఒక ఉదయం, పది గంటల వేళ, కాన్పుల వార్డులో కిటికీ పక్క మంచం దగ్గరికి పోయాను. తల్లి పేరు మంజుల, ఆపరేషన్ కాన్పు. మగబిడ్డ, రెండు కిలోల ఎనిమిది వందల గ్రాములు, పుట్టి ఇరవై ఆరు గంటలు. మంచు విడిపోయి పల్చటి ఎండ బిడ్డ మీద పడుతోంది. వాడు దానివైపు ముఖం తిప్పుకుని నిద్రపోతున్నాడు. పక్కన మంజుల తల్లి సైదమ్మ కూర్చుని ఉంది. వాళ్ళది కట్టంగూర్ పక్క ఊరు, ఎకరన్నర బత్తాయి తోట.

కుడి చేతికి తొంభై ఏడు. కాలికి తొంభై ఒకటి.

పాదం తిప్పితే అరికాలి నిండా కాటుక. దూది, కొబ్బరినూనె తీసుకున్నాను. పాదం పట్టుకోగానే సైదమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"ఏం జేస్తున్నవ్ బిడ్డా?"

"బొట్టు తుడుస్తున్న అవ్వా. కొలత సరిగ్గ వస్తలేదు."

"ముట్టుకోకు. నీకు దండం పెడత. నిరుడు మంజులకు పుట్టినోనికి గీ బొట్టు లేకపాయె. మూడొద్దులు మంచిగనే ఉండె. నాలుగో నాడు పాలిడిసిపెట్టిండు, కాళ్ళు సల్లవడ్డయ్, పొద్దుగూకకముందే పాయె. గీనికన్న నజర్ తాకనియ్య."

ఆమె చేయి గరుకుగా, వెచ్చగా ఉంది. మంజుల గోడవైపు తిరిగి పడుకుని ఉంది, నిద్రపోతోందో లేదో తెలియలేదు. ఆ ముసలమ్మతో వాదించే శక్తి నాకు లేకపోయింది. పైగా ఆమె దుఃఖం నాకు నచ్చింది అని రాసుకున్నాను డైరీలో, ఒక కథలోని మాటలు విన్నట్టు విన్నానట. కథ విన్నట్టే విని లేచాను. రిజిస్టరులో చేతి గడిలో తొంభై ఏడు రాసి, కాలి గడిలో ఒక గీత గీశాను. ఆ గీతకు అర్థం మా వార్డులో అందరికీ తెలుసు: కాటుక, కొలత నమ్మలేం. గంట తర్వాత మళ్ళీ పోయి కొలవాలి. పోలేదు. పోతే మళ్ళీ ఆమె వద్దంటుంది, మళ్ళీ నేను నోరు విప్పాలి.

రెండు గంటలకు డ్యూటీ మారింది. మధ్యాహ్నం వచ్చిన సిస్టరుకు రిజిస్టరు అప్పగిస్తుంటే ఆమె ఆ గీత మీద వేలు పెట్టి, "గిదేంది?" అంది. "కాటుక" అన్నాను. "ఆఁ" అని పేజీ తిప్పేసింది. ఒక్క మాటతో అయిపోయింది. అంత సులువుగా అయిపోవడం నాకు ఎందుకో బాగా అనిపించలేదు.

సంచి భుజాన వేసుకుని గేటు దాకా వచ్చాను. ఎండ నీరెండలా ఉంది. గేటు బయట బత్తాయి రసం బండి దగ్గర గాజు గ్లాసులు మెరుస్తున్నాయి. నాకు నడుస్తూ నడుస్తూ చదివిన వాక్యాలు మనసులో మళ్ళీ చెప్పుకునే అలవాటు ఉంది. ఆ రోజు పుస్తకంలోని వాక్యం రాలేదు. సైదమ్మ మాట వచ్చింది. కాళ్ళు సల్లవడ్డయ్. ఉదయం నేను పట్టుకున్న పాదం కూడా చల్లగానే ఉంది. డిసెంబరు కదా అనుకున్నాను. కాని ఎండలో పడుకున్న బిడ్డ వాడు. వాడి చేయి వెచ్చగా ఉంది. కాలు ఒక్కటే చల్లగా ఎందుకు ఉంటుంది?

ఆమె నాకు చెప్పింది దిష్టి సంగతి కాదు. అదే తల్లికి పుట్టిన మొదటి బిడ్డ ఎలా చనిపోయాడో పూసగుచ్చినట్టు చెప్పింది. వార్డులో దాన్ని రోగ చరిత్ర అంటారు. నేను విని రాయలేదు.

వెనక్కి పరుగెత్తాను. మంచం దగ్గర సైదమ్మ గోడకు తల ఆనించి కునుకు తీస్తోంది. మంజుల మొదటిసారి నా కళ్ళలోకి చూసి, "పొద్దటి సంది సరిగ్గ తాగుతలేడు సిస్టర్" అంది మెల్లగా. దూదిని నూనెలో ముంచి, దొంగతనం చేస్తున్నట్టు, అరికాలు తుడిచాను. దూది నల్లబడింది, పాదం తెల్లబడింది. పట్టీ చుట్టాను. ఎనభై ఎనిమిది. కాలు మార్చాను. ఎనభై ఏడు. బిడ్డ నుదుటి మీద చెమట పట్టి ఉంది.

అప్పుడే సైదమ్మ కళ్ళు తెరిచింది. ముందు పాదం చూసింది, తర్వాత నా చేతిలోని దూది చూసింది.

"తుడిసినవా! వద్దు వద్దంటుంటె తుడిసినవా!"

ఆ కేకకు చుట్టుపక్కల మంచాలన్నీ ఇటు తిరిగాయి. బిడ్డ ముఖం ఆ క్షణంలోనే బూడిద రంగుకు తిరగడం మొదలుపెట్టింది. ఆమె కళ్ళతో చూస్తే ఏమైందో నాకు బాగా అర్థమైంది: బొట్టు పోయింది, బిడ్డ పోతున్నాడు. బిడ్డను ఎత్తుకుని మా వార్డుకు పరుగెత్తాను.

డాక్టరు సారు ఈసారి నవ్వలేదు. బిడ్డ తొడ మూలల్లో రెండు వేళ్ళు పెట్టి నాడి కోసం చాలాసేపు వెతికారు. దొరకలేదు. చెవికి గొట్టాలు పెట్టుకుని విన్నారు. గుండె స్కానింగు ఆ రోజు మా దగ్గర లేదు. అయినా ఆయనకు అనుమానం కుదిరింది. మందుల ఫ్రిజ్‌లో ఉన్న రెండు చిన్న సీసాలు తెప్పించారు. ఆ మందు ఎందుకో చెప్పాలంటే గుండె సంగతి కొంచెం చెప్పాలి.

మా బాపు నందికొండలో కాలువ లస్కరు, అంటే తూము తలుపులు ఎత్తి దించే మనిషి. అందుకని నాకు ఇది అలాగే అర్థమవుతుంది. గుండె నుంచి ఒంటికి నెత్తురు పోయే పెద్ద కాలువ మొదట్లో మూడు పల్చని రెక్కల తలుపు ఉంటుంది. దాన్నే కవాటం అంటారు. కొందరు పిల్లల్లో ఆ రెక్కలు కడుపులో ఉండగానే అతుక్కుపోతాయి. సూది మొనంత సందు మాత్రం మిగులుతుంది. ఆ సందు గుండా వచ్చే మంచి నెత్తురు తలకు, కుడి చేతికి సరిపోతుంది. కింది ఒంటికి మాత్రం, కడుపులో ఉన్నప్పటి ఒక పక్క తూము గుండా, ఆక్సిజన్ తక్కువున్న నెత్తురు పోతుంది. చేతికి మంచి అంకె, కాలికి తక్కువ అంకె రావడానికి కారణం అదే. పుట్టిన రెండు మూడు రోజుల్లో ఆ పక్క తూము దానంతట అదే మూసుకుపోతుంది. అది మూసుకుంటే కింది ఒంటికి ఏమీ అందదు. ఆ సీసాల్లోని మందు తూమును తెరిచి ఉంచుతుంది. దానికి ఒక దుర్గుణం ఉంది, బిడ్డ ఊపిరి తీయడం మరిచిపోతాడు.

అందుకని హైదరాబాదు పంపేటప్పుడు పక్కన నర్సు ఉండాలి. మా ఇన్‌ఛార్జి సిస్టరు నన్ను పొమ్మంది. డ్యూటీ దిగినదాన్ని కాబట్టి వార్డుకు లోటు రాదు అంది. యాదగిరన్న బండి తెచ్చాడు. నన్ను ఏ పేరుతోనూ పిలవలేదు. మంజుల కుట్లతో కదలలేదు. బిడ్డ తండ్రి శీను ముందు సీట్లో కూర్చున్నాడు. వెనక బిడ్డ, నేను, సైదమ్మ.

నార్కట్‌పల్లి దాటి హైవే ఎక్కాక బండి ఊగడం తగ్గింది. కిటికీలో ఈత చెట్లు, నారుమళ్ళు, బత్తాయి తోటలు, ఎండలో తడిసినట్టు మెరుస్తూ వెనక్కి పోతున్నాయి. నా చూపంతా బిడ్డ పొట్ట మీద ఉంది. పైకి, కిందికి. నాకూ తెలియకుండా వాడితో పాటే ఊపిరి తీసుకుంటున్నాను. సైదమ్మ ఒక్కసారే మాట్లాడింది.

"నువ్వు తుడిసినంకనే గిట్లయింది."

కాదని చెప్పొచ్చు. జబ్బు పుట్టుకతోనే ఉందని చెప్పొచ్చు. కాని అలా చెప్తే పొద్దున ఎందుకు చూడలేదని అడుగుతుంది. బిడ్డ కాలి పట్టీ సరిచేశాను.

చిట్యాల దాటాక పొట్ట కదలడం ఆగింది. పాదం మీద వేలితో కొట్టాను. కదల్లేదు. ఇంకోసారి. లేదు. గాలి సంచి ముక్కు మీద పెట్టి నొక్కడం మొదలుపెట్టాను, మెల్లగా, ఛాతీ లేచేంత మాత్రమే. "యాదగిరన్నా, బండి ఆపకు" అన్నాను. నా గొంతు అంత గట్టిగా ఉంటుందని నాకే తెలియదు. ఎంతసేపో చెప్పలేను. డైరీలో "చాలాసేపు" అని ఉంది, నిమిషం కూడా అయి ఉండదు. బిడ్డ ఒక్కసారి ఎగిసి ఏడ్చాడు. సైదమ్మ కొంగు ముడి విప్పి చిన్న డబ్బీ తీసింది. వేలికి కాటుక అంటించుకుని పాదం వైపు చేయి చాపింది.

"అవ్వా, కాలు నాకు గావాలె. చెవెనక పెట్టు" అన్నాను.

ఆమె నన్నొకసారి చూసింది. "ఆడ పెడ్తె పనిజేస్తదా?"

"నజర్ కంటికి ఏడున్నా కనబడ్తది గద."

అది నేను ఎక్కడా చదవలేదు. అప్పటికప్పుడు నోటికొచ్చింది. ఆమె చెవి వెనక జాగ్రత్తగా పెట్టింది. నేను పట్టీని ఆ తెల్లని పాదానికే ఉంచాను.

పొద్దు వాలుతుండగా హైదరాబాదులో పిల్లల గుండె దవాఖానకు చేరాం. ఒక డాక్టరమ్మ చీకటి గదిలో బిడ్డ ఛాతీ మీద జెల్లు రాసి స్కానింగు మొదలుపెట్టింది. తెర మీద నలుపూ తెలుపూ పొగ కదులుతోంది. ఆ పొగ మధ్య, దారపు పోగంత మందాన, రెక్కలు తెరుచుకోబోయి తెరుచుకోలేక వణుకుతున్నాయి. "ఇదిగో, ఇదే కవాటం" అంది ఆమె. అంత చిన్నదాని మీద ఇందరు మనుషులు ఆధారపడి ఉన్నారా అనిపించింది.

రక్తపరీక్ష కాగితం వచ్చింది. చూసి ఆమె కనుబొమలు ముడిచింది. ఒంట్లో ఆమ్లం చాలా పెరిగింది, మూత్రం లేదు. నావైపు తిరిగి, కాలి అంకె తగ్గడం మొదట ఎప్పుడు చూశారు అని అడిగింది. మా దవాఖాన కాగితంలో రెండుంబావు అని ఉంది. సైదమ్మ, శీను తలుపు దగ్గర నిలబడి ఉన్నారు.

నేను రెండుంబావు అని ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. రిజిస్టరులో గీత ఉంది, అంకె లేదు. డాక్టరమ్మ పెన్ను పట్టుకుని ఎదురుచూస్తోంది. ఆ అంకె ఆమెకు ఎందుకు కావాలో నాకు తెలుసు. తగ్గుదల ఇప్పుడే మొదలైతే రాత్రికే ఆపరేషన్ బల్ల ఎక్కించొచ్చు. పొద్దటి నుంచీ ఉంటే మూత్రపిండాలు దెబ్బతిని ఉంటాయి. తేరుకోకుండా కోస్తే బిడ్డ బల్ల మీదే పోవచ్చు.

"పొద్దున పదింటికి" అన్నాను. "తొంభై ఒకటి వచ్చింది. కాటుక వల్ల అనుకున్నాను. రాయలేదు. గంటకు మళ్ళీ కొలవలేదు. నిరుడు పుట్టిన మొదటి బిడ్డ కూడా ఇట్లాగే, నాలుగో రోజు కాళ్ళు చల్లబడి పోయాడని వాళ్ళ అవ్వ నాకు చెప్పింది. అది కూడా రాయలేదు."

డాక్టరమ్మ కోప్పడలేదు. అన్నీ రాసుకుంది. చనిపోయిన బిడ్డ సంగతి కింద రెండు గీతలు గీసింది. తర్వాత ఫోన్ చేసి సర్జనుతో మాట్లాడింది. రాత్రంతా మందులతో స్థిమితపరచి తెల్లవారాక చేద్దామని నిర్ణయించారు.

వరండాలోకి వచ్చాక సైదమ్మ నా ఎదురుగా నిలబడింది.

"అంటె పొద్దుగాల తుడిస్తె గప్పుడే తెలుస్తుండెనా?"

"తెలుస్తుండె అవ్వా."

"మరెందుకు తుడవకపోతివి?"

"నువ్వు వద్దన్నవ్."

"నేనొద్దంటె నువ్వు ఊకుంటవా? సదువుకున్నది నువ్వా, నేనా? నేను ఏడిసేదాన్ని, ఒర్రేదాన్ని. నా పని గది. నీ పని నువ్వు జెయ్యొద్దా?"

శీను ఆమె భుజం పట్టుకుని, "ఊకో అత్తా" అన్నాడు. ఆమె ఊకోలేదు. ఇంకా చాలా అంది. నేను నిలబడి విన్నాను. బండిలో ఆమె నా మీద వేసిన నేరం నేను చేయలేదు. ఇది మాత్రం చేశాను.

ఆ సాయంత్రం యాదగిరన్న బండి వెనక్కి పోయింది. నేను ఫోన్‌లో సెలవు అడిగి ఉండిపోయాను. తెల్లవారేసరికి బిడ్డకు మూత్రం వచ్చింది. కొన్ని చెంచాలే. దానికోసం అంతమంది అంత సంతోషించడం నేను మళ్ళీ చూడలేదు. తొమ్మిదింటికి లోపలికి తీసుకుపోయారు.

పసిబిడ్డ కవాటాన్ని తీసేసి కొత్తది పెట్టరు. కృత్రిమ కవాటం ఒంటితో పాటు పెరగదు. అందుకని ఉన్నదాన్నే బాగుచేస్తారు. ఛాతీ తెరిచి, గుండె పనిని కాసేపు యంత్రానికి అప్పగిస్తారు. పెద్ద నాళాన్ని కోసి, అతుక్కున్న రెక్కలను వాటి అతుకు వెంబడే కత్తి మొనతో విడదీస్తారు. ఎక్కువ కోస్తే తలుపు మూసుకోక నెత్తురు వెనక్కి కారుతుంది. తక్కువ కోస్తే తెరుచుకోదు. ఆ రెంటికీ మధ్య సర్జనుకు ఉండేది వెంట్రుకవాసి జాగా. ఆ గుండె మొత్తం బిడ్డ పిడికిలంత.

నాలుగు గంటలు పట్టింది. వరండాలో పొడవాటి బల్ల మీద నేనూ సైదమ్మా ఒకే చివర కూర్చున్నాం. రెండో చివర ఎండ పడుతోంది. చాలాసేపటికి ఆమె సంచిలోంచి బత్తాయి తీసి ఒలిచి సగం నా చేతిలో పెట్టింది.

"పెండ్లయిందా?"

"లేదవ్వా."

"ఎట్లయితది? నోరిప్పవ్. అడిగితె తప్ప చెప్పవ్. అడిగినా సగమే చెప్తవ్." కాస్త ఆగింది. "నిన్న మాత్రం పూర్తిగ చెప్పినవ్ తియ్."

అది క్షమించడం కాదు. అలా రాసుకోలేదు, ఇప్పుడూ అలా అనుకోవడం లేదు. కళ్ళు మూసుకుంటే తెర మీది పొగలో ఆ రెక్కలు వణుకుతూ కనిపించాయి. బత్తాయి పులుపు నాలుక మీద ఉంది. ఎక్కడో తలుపు తెరుచుకున్న చప్పుడు విని ఇద్దరం ఒకేసారి లేచాం.

సర్జను మాస్కు మెడ కిందికి లాక్కుని వచ్చారు. కవాటం తెరుచుకుంది, కొద్దిగా కారుతోంది, ఆ మాత్రం ఉండనివ్వాలి అన్నారు. పెద్దయ్యాక ఇంకో ఆపరేషన్ తప్పదు, ఒకటో రెండో, ఇప్పుడే చెప్పలేం అన్నారు. కాళ్ళు ఎట్లున్నయ్ అని అడిగింది సైదమ్మ. వెచ్చగా ఉన్నాయి అన్నారాయన. ఆమె నేల మీద కూలబడి, చెంగు నోట్లో కుక్కుకుని, చప్పుడు లేకుండా ఏడ్చింది.

నల్గొండకు తిరిగిపోయాక ఇన్‌ఛార్జి సిస్టరుకు అంతా రాసిచ్చాను. నాకు మెమో ఇచ్చారు. అది నా ఫైలులో ఉండిపోయింది, ఉండవలసినదే. డాక్టరు సారు రిజిస్టరులో గీత గీయడం ఆపేయించారు. కాలి గడిలో అంకె ఉండాలి, లేదా కొలవలేదు అని రాసి సంతకం పెట్టాలి. బొట్టు చెవి వెనక పెట్టమని కాన్పుల వార్డులో ముందే చెప్పడం మొదలుపెట్టాం. కొందరు వినేవాళ్ళు, కొందరు తిట్టేవాళ్ళు. తిట్టినవాళ్ళ పిల్లల పాదాలు కూడా తుడిచాను.

ఆ బిడ్డ ఏడాదికోసారి పరీక్షకు హైదరాబాదు పోతున్నాడని, రెండో ఆపరేషన్ ఇంకా కాలేదని నేను ఉద్యోగం మానేసే నాటికి తెలుసు. ఆ తర్వాతి సంగతి తెలియదు.

కాటుక అంకెను తగ్గిస్తుందన్నది నిజం. ఆ నిజం నాకు ముందే తెలిసి ఉండటం వల్లనే కొలవడం ఆపేశాను. తెలిసిన కారణం ఒకటి ఎదురుగా ఉంటే దాన్ని పక్కకు తీసి మళ్ళీ చూడాలి, అది నర్సు పనిలో భాగం. ఇక ఇంటివాళ్ళు ఏదైనా వద్దంటే ఎందుకని అడగాలి. చెప్పిన జవాబును, అది దిష్టి అయినా దయ్యమైనా, చెప్పిన మాటల్లోనే బిడ్డ కాగితంలో రాయాలి. మిగిలిన ఉద్యోగకాలమంతా అలాగే రాశాను. చాలాసార్లు వాటిలో వైద్యానికి పనికొచ్చేది ఏమీ ఉండేది కాదు.